హుల్సూర్‌ల ఆగని కారు

పోయిన నెల మా అత్తగారి ఊరు హుల్సూర్‌ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా. చాయ్ తాగుకుంట ఇనుండ్రి, నడుమ నవ్వకుండ్రి. మా మామ దినాల కాడ జరిగిన ముచ్చట ఇది.

మా పాత కారు మీకు ఎరుకే, బట్టల దుకాణం మంచిగ నడిచినప్పుడు మా నాయన కొన్నది. మామకు పానం మీదికొచ్చిందని కబురొస్తే, మా ఆమె సుగుణను ఎక్కించుకొని బయలెల్లిన. భాల్కి దాటినంక ముందట ఎర్ర లైటు వెలిగింది. ఆయిల్ లేదని అర్థం. నేనేమో తొందరల ఇంకింత తొక్కిన. జరంత దూరం పోయిందో లేదో, ఇంజన్ కిర్రుమని పట్టేసింది. హ్యాండిల్ పెట్టి తిప్పితే గోడను తిప్పినట్టే ఉంది. బస్సు దొరికి మేం పొయ్యేటాళ్లకు దహనం అయిపోయింది. సుగుణకు తండ్రి ఆఖరి చూపు దక్కలే. ఆమె ఏడ్వలే, నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు అనిపించింది.

దినాలకన్న సుగుణను కార్లనే తీసుకపోవాలని పట్టువట్టిన. గంజ్ కాడి మెకానిక్ రహీం భాయ్ చూసి, "సేఠ్, ఇది బాగుపడది. పాత డీజిల్ ఇంజన్ ఒకటి ఉంది, అదే ఎక్కిస్తా" అన్నడు.

దినాల రోజు పొద్దుగాలనే తయారైంది. ఇంజన్ చాలు చేస్తే షెడ్డు రేకులు అదిరినయి. ఆ సప్పుడుల రహీం భాయ్ చేతులు ఊపుకుంట ఏందో చెప్పిండు. ఒక్క ముక్క ఇనవడలే. "అచ్ఛా, అచ్ఛా" అని తలకాయ ఊపిన. ఇంటికాడ ఇంజన్ బంద్ చెయ్యకుండనే సుగుణను ఎక్కించుకున్న.

హుల్సూర్‌ల పందిరి పక్కన ఆపి చాబీ తీసిన. ఇంజన్ ఆగలే. చాబీ మళ్ల పెట్టి, తిప్పి, తీసిన. అది దడదడ కొట్టుకుంటనే ఉంది. పంతులు మంత్రాలు గట్టిగ చదువుడు షురూ చేసిండు.

బావమరిది వచ్చి, "బావా, జర బంద్ చెయ్యరాదు?" అన్నడు.

"చేసిన" అని చాబీ చూపించిన. ఆయన చాబీని చూసిండు, కారును చూసిండు, నన్ను చూసిండు.

ఎనకనుంచి ఎవరో, "అల్లునికి వాపస్ పొయ్యే తొందరున్నట్టుంది" అన్నరు. నాకు చెవులు కాలినయి. ఎట్లనన్న ఆపాలని గేర్ల ఏసి క్లచ్ ఇడిచిన. కారు ఎగిరి పందిరి గుంజకు తాకింది. ఇంజన్ ఆగింది. పందిరి గుడ్డ పోయి పంతులు మీద పడ్డది.

మూలకు కూసున్న అత్తమ్మ లేచి వచ్చింది.

"అల్లుడా, ఆ దినం బండి నడువదని ఆఖరి చూపుకు అందలేదు. ఇయ్యాల బండి ఆగదని కూసుంటలేవు. నేనేం జేతు?"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్పుల పడ్డది. ఇన్నొద్దుల సంది దాసుకున్న ఏడుపంతా బయటికొచ్చింది. అత్తమ్మ బిడ్డను దగ్గరికి తీసుకున్నది. నేను పందిరి గుంజ పట్టుకొని నిలబడ్డ.

వాపస్ వచ్చినంక రహీం భాయ్ స్టీరింగ్ కింద ఒక తీగ చూపించి, "డీజిల్ ఇంజన్ చాబీతోని ఆగది, ఇది గుంజుతే ఆగుతదని చెప్పిన గద సేఠ్. మీరు తలకాయ ఊపిన్రు" అన్నడు.

మొన్న మాసికానికి అత్తమ్మ కబురంపింది, బిడ్డను తీసుకొని బస్సుల రమ్మని. బస్సులనే పోయిన. డ్రైవర్ ఎనక సీట్ల కూసొని, ఆయన బండి ఎట్ల బంద్ చేస్తడో చూసుకుంట పోయిన.