త్రినాథరావు గారి డోసు

త్రినాథరావు గారు ఎవరికీ ఏదీ ఒక్కసారిగా ఇవ్వరు. తిట్టయినా, మెప్పయినా, మందయినా చుక్కచుక్కగానే.

ఆ అలవాటు ఆయనకు పగడాల వల్ల వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఇంటి హాల్లో గోడంత ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో బొత్తాల్లా గుండ్రంగా విచ్చుకునే, ప్రాణమున్న పగడాలకు రోజూ విటమిన్ సి ఇస్తారు. పొడిని శుద్ధమైన నీళ్లలో కలిపి, సిరంజితో, ఊపిరి బిగబట్టి మరీ.

"మొదట కొంచెం. అలవాటయ్యాక ఇంకొంచెం. ఒకేసారి పోస్తే అవి తట్టుకోలేవమ్మా తబితా," అంటారు.

టెన్త్‌తో చదువు ఆగిపోయి ఆ ఇంట్లో పనికి చేరినప్పటి నుంచీ నేను విన్న పాఠం అదొక్కటే. నేను తలూపుతాను. మాట్లాడటం నాకూ చుక్కల్లోనే వచ్చు.

ఆయన సినిమా ఎడిటర్. ఒక నిర్మాత "సినిమా ఎలా ఉంది సార్?" అని అడిగితే, సోమవారం "టైటిల్స్ బావున్నాయి" అన్నారు. గురువారం ఫోన్ చేసి "మిగతాది బాలేదు" అన్నారు.

"ఈ మధ్యలో నేను స్వీట్లు పంచేశాను సార్!"

"ఒకేసారి చెబితే తట్టుకోలేరని..."

డ్రైవరు బాలనర్సయ్య కారును గోడకు గీకితే, పొద్దున "నువ్వు" అని, భోజనాలప్పుడు "కారు" అని, సాయంత్రం "చూసుకోవద్దూ" అని ముగించారు. బాలనర్సయ్య దండం పెట్టేశాడు.

"సార్, జర మొత్తం ఒక్కపారే తిట్టున్రి. గిట్ల వాయిదాలేస్తే నాకు అన్నం దిగుతలేదు."

మొన్నొక ఆదివారం, అక్వేరియంలు పెంచేవాళ్లు నలుగురు సార్ డోసు వేసే పద్ధతి నేర్చుకోవడానికి వస్తామన్నారు. సార్ స్టూడియోలో ఇరుక్కుపోయారు. ఇంట్లో పొడి డబ్బా ఖాళీ. నేను డాబా మీది బట్టలు తీసుకుని దిగేసరికి వంటావిడ అనసూయమ్మ గారు తొట్టి దగ్గర చేతులు తుడుచుకుంటున్నారు.

"విటమిన్ సి అంటే నిమ్మకాయే కదే! పాపం పస్తుంటాయని గిన్నెడు రసం పిండి పోశాను."

నీళ్లు కుడితిలా అయ్యాయి. పగడాలన్నీ గుప్పిళ్లలా ముడుచుకుపోయాయి. తొట్టిలో ఎవరు వేలు పెట్టినా ఆ రోజే పనిలోంచి పంపేస్తానని అమ్మగారు శారదాదేవి గారు ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఈ వయసులో అనసూయమ్మ గారికి ఇంకో ఇల్లు దొరకదు. ఆవిడ ఖాళీ గిన్నెను కొంగు చాటున దాచుకున్నారు.

అంతలో సార్, అతిథులు, అమ్మగారు కలిసే హాల్లోకి వచ్చారు.

"ఏం పోశారు ఇందులో? ఎవరు పోశారు?" అని అమ్మగారు అరిచారు.

సార్ తొట్టి మీదకు వంగారు. తేలుతున్న నిమ్మగింజను చూశారు. అనసూయమ్మ గారి మొహం చూశారు. గింజను రెండు వేళ్లతో తీసి చటుక్కున నోట్లో వేసుకున్నారు.

"నేనే. పొద్దున తొందరలో డబ్బా మొత్తం కుమ్మరించాను. సగం నీళ్లు మారిస్తే బతుకుతాయి. తబితా, బకెట్లు!"

గురువుగారూ అంటూ వచ్చినవాళ్లు నోళ్లు తెరిచారు. "మీరా సార్? డబ్బా మొత్తం... ఒకేసారా?"

"ఒకేసారే," అన్నారాయన తల వంచుకుని.

అందరం చేయి వేశాం. చీకటి పడేలోపు పగడాలు ఒక్కొక్కటే విచ్చుకోసాగాయి. అప్పటిదాకా అమ్మగారు ఆయన్నే చూస్తూ ఉన్నారు.

"ఏంటండీ ఇందాకట్నుంచీ ఆ నమలడం?"

"విటమిన్ సి," అన్నారు సార్, మొహం అదోలా పెట్టి.

అమ్మగారు అనసూయమ్మ గారి వైపు ఒకసారి చూసి, ఆయన గడ్డం కింద చెయ్యి చాపారు.

"గింజ చేదుగా ఉంటుంది. ఉమ్మేయండి."