రమణయ్య గారి కారు వణుకు

బోగోలు రైతు రమణయ్య గారి పాత కారు హైవేపై వేగం ఎనభై దాటితే కొన్ని రోజులు వణికేది, కొన్ని రోజులు వణికేది కాదు. మెకానిక్‌గా మూడుసార్లు పరీక్షించినా లోపం దొరకక, అమ్మేయమని నేనే సలహా ఇచ్చాను. ఈ రోజు బేరం కుదిరిందని చెప్పడానికి ఆయన పొలం నుంచి నేరుగా మా షెడ్డుకు వచ్చారు. చక్రాల లోపలివైపు బంకమట్టి పెళ్లలుగా ఎండి ఉంది. ఒకవైపు అంటుకున్న ఆ బరువే వణుకుకు కారణం.

“ఇన్నిసార్లు వచ్చినారు, ఈ మట్టి ఎప్పుడూ లేదే?”

“కడక్కుండా మీ కాడికి ఎట్టా తెచ్చేదన్నా? మర్యాదగా ఉండొద్దా?”

“అయితే అమ్మబాకండి. బండి బాగానే ఉంది.”

“మాటిచ్చేసినా గదన్నా,” అంటూ ఆయన కారు తలుపు నిమిరారు.

ఆయన మర్యాదలో ఆధారం కొట్టుకుపోయింది. బండి ఏ దారుల్లో తిరుగుతుందో అడగకపోవడం మాత్రం నా లోపమే. మీరూ మెకానిక్ దగ్గరికి బండి కడిగే తీసుకెళతారా?