బోణీ వేళ కంప్యూటర్ అన్న మాట

కడపలో నేను రాసిన మొదటి ప్రోగ్రాం బండల వ్యాపారుల కోసం. పాలిష్ పట్టిన నల్ల బండలను ఫోటోలు తీసి అందులోకి ఎక్కిస్తే, బెంగళూరు బిల్డర్లు చూసుకుని ఆర్డర్లిచ్చేవారు. ఇంటర్నెట్ ఇంకా ఫోన్ వైరు మీద ఈడ్చుకుంటూ వచ్చే రోజులవి. మధ్యలో లైను తెగితే ఎక్కిన ఫోటోలు కూడా పోయి, తెర మీద ఎర్రటి అక్షరాలు పడేవి: "విఫలమైంది. మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించండి." మా ఆఫీసులో ఏ ప్రోగ్రాముకైనా అదే వాక్యం అతికించేవాళ్లు.

ఒక మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద అపార్ట్‌మెంటుకు బండలు కావాలట, మా ప్రోగ్రాం వాడే ఒక వ్యాపారి ఫోటోలు ఒక్కటీ రాలేదట. సాయంత్రం దాకా చూసి ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. బేరాల్లేక మిషన్లు ఆపుకుని కూర్చున్న మనిషాయన. ఆటో ఎక్కి ఆయన దగ్గరికి పోయాను. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏమైందన్నా?"

"పొద్దున్నే బోణీకే కాదన్నాది మ్మా. ఈ పొద్దు ఇంక దాన్ని ముట్టుకునేది లేదు."

మా ఆఫీసువాళ్లయితే నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు. నందికొట్కూరులో మా నాన్నది కిరాణా కొట్టు. బోణీకి వచ్చినవాళ్లు అడిగిన సరుకు లేకపోయినా ఆయన నోట 'లేదు' అన్న మాట రాదు. "కూచోప్పా, తెప్పిస్తా" అని స్టూలు జరుపుతాడు. నా ప్రోగ్రాముకు ఆపాటి మర్యాద నేర్పలేనా అనుకున్నాను.

ఆఫీసుకొచ్చి, లైను తెగినా ఎక్కిన ఫోటోలు పోకుండా, ఆగినదాని నుంచే మళ్లీ మొదలయ్యేలా మార్చాను. ఎర్ర అక్షరాలు పీకేసి ఇలా రాశాను: "ఇంతవరకు పంపినవి అందాయి, భద్రంగా ఉన్నాయి. లైను తెగింది. కాసేపు కూర్చోండి, మిగతావి అందుకుంటాను."

"కంప్యూటర్ ఇట్లా మాట్లాడుతుందా?" అన్నాడు మా మేనేజరు.

"ఇక్కడ మాట్లాడుతుంది సార్," అన్నాను.

వ్యాపారికి ఫోన్ చేశాను. "తువ్వాలు తీయండన్నా. ఈసారి కాదనదు, పూచీ నాది."

అనడమైతే అన్నాను గానీ, ఆ తర్వాత ఫోన్ దగ్గర నుంచి కదల్లేదు. పొద్దుగూకే వేళకు ఆర్డరు ఆయనకే ఖాయం చేశామని బెంగళూరు వాళ్లు చెప్పారు. వెంటనే ఆయనకు ఫోన్ కలిపి, లైను తెగలేదా అని అడిగాను.

"శానా సార్లు తెగింది మ్మా. ఒక్కసారి గూడా కాదన్లే. కూసోమన్నాది, కూసున్నా."