పాత ట్రక్కూ, పక్కింటాయన మీద పడిన నిందా

పోయిన వారం మా వీధి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. ముదురు ఎరుపు రంగు పాత ట్రక్కు, పైకప్పు ఎవరో నెత్తిన అరచెయ్యి వేసి నొక్కేసినట్టు పొట్టిగా ఉంటుంది, ముందు చక్రాల మీద రేకు లేదు, ఇంజను సగం బయటికే కనిపిస్తుంది. ఈ బండి మూడు రోజులుగా మన వీధిలో మెల్లిగా తిరుగుతోంది, ఎవరిదో తెలుసా, సస్పిషస్‌గా ఉంది అని కింద రాశారు. ఆ వెంటనే ఇంకో ఇద్దరు తమ తలుపుల దగ్గరి కెమెరాల్లో పడ్డ బొమ్మలు కూడా జతచేశారు. బండి మాదే. నడుపుతున్నది మా ఆయన. ఉద్యోగం విరమించాక పొద్దున్నే కాఫీ తాగి, బ్యాటరీ దిగిపోకుండా దాన్ని నాలుగు వీధులు తిప్పి తెచ్చి మళ్ళీ షెడ్డులో పెట్టడం ఆయనకు అలవాటు. మాదేనని రాయబోయి, నా వేలు ఎందుకో ఆగిపోయింది. ఆ బండి మీద కంప్లయింటు చేసినవాళ్ళలో నేను మొదటిదాన్నన్న సంగతి గుర్తొచ్చింది.

ఇరవై ఏళ్ళ పైమాట. అప్పటికి సిడ్నీలోని మా పెండిల్ హిల్ ఇప్పటిలా లేదు. ఇప్పుడైతే స్టేషను దిగి రెండు అడుగులు వేస్తే దోసెల వాసన, గోంగూర కట్టలు, మన మాటలు. అప్పట్లో కరివేపాకు దొరికితే ఆ శుక్రవారం పండగే. మేము కొన్నది ఫైబ్రో రేకుల గోడల పాత ఇల్లు. లోపల గదులు ఇరుకే గాని పెరట్లో పెద్ద షెడ్డు ఉండేది, ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున మా ఆయన వంటగది వైపు తొంగి కూడా చూడకుండా ఆ షెడ్డులోనే పావుగంట నిలబడ్డారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆయన పుట్టి పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. మా మామగారు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవారు. చెక్క కోసే రంపం చప్పుడు, వెల్డింగు మెరుపులు, కొత్త రంగు వాసన, వీటి మధ్యనే పెరిగినా కొడుకును మాత్రం ఒక్క స్పానరు కూడా ముట్టుకోనివ్వలేదట ఆ మహానుభావుడు. ముట్టుకుంటే చదువు పోతుందని భయం. చదువు నిలిచింది, కంప్యూటరు ఉద్యోగం వచ్చింది, సిడ్నీ వచ్చాం. కాని చిన్నప్పుడు అందనివ్వని వస్తువు మీద మనిషికి ఎంత ఆశ మిగిలిపోతుందో మన తరంవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒక శనివారం పార్కులో పాత బండ్ల ప్రదర్శనకు వెళ్తే, కోసి, కుదించి, పెద్ద ఇంజను పెట్టి, అద్దంలా మెరిపించిన ఒక ట్రక్కు ముందు ఆయన అలాగే నిలబడిపోయారు. హాట్ రాడ్ అంటారని ఆ రోజే తెలిసింది నాకు.

రెండు నెలలకు కొండల అవతల ఏదో పొలంలో నుంచి ఒక శవంలాంటి ట్రక్కు టో బండి మీద మా ఇంటికి వచ్చింది. సీటు కింద ఎండు గడ్డి, కోడి ఈకలు. అందులో ఏళ్ళ తరబడి కోళ్ళు కాపురం చేశాయని అమ్మినాయన నవ్వుతూ చెప్పాడట. అది మొదలు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే షెడ్డు షట్టరు తలుపు కిందికి దిగిపోయేది, లోపల గ్రైండరు అరుపు మొదలయ్యేది. ఏం చేస్తున్నారో చూద్దామని తలుపు తడితే, ఇప్పుడు కాదని లోపల్నుంచే జవాబు. దానికి తోడు వారానికి రెండుసార్లు ఒకావిడ ఫోను. బొంగురు గొంతు, ఆయన పేరును ముద్దుగా సగానికి విరిచి పిలిచేది, ఎందుకని అడిగితే ఆయనకే చెబుతాననేది. నేను వంట చేస్తూ చేస్తూ ఆ గొంతుకు ఒక రూపం, ఒక జుట్టు రంగు, ఒక ఇల్లు కూడా కల్పించుకున్నాను. చివరికి తేలిందేమిటంటే ఆవిడ పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే యార్డులో కౌంటరు దగ్గర కూర్చునే పెద్దావిడ, ముగ్గురు మనవలున్నారు, ఫోను చేసేది గేరుబాక్సు దొరికిందని చెప్పడానికి. నవ్వొచ్చిందిగాని అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఒక కుర్చీ వదిలి ఇంకో కుర్చీలో కూర్చుంటుందే తప్ప బయటికి పోదు. నా దగ్గర నుంచి లేచి అది మా ఆయన దగ్గరకు వెళ్ళింది.

పక్కింట్లో ఒక తెల్లాయన ఒంటరిగా ఉండేవాడు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయింది, కూతురు క్వీన్స్‌లాండ్‌లో. బస్సు డిపో వర్క్‌షాపులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడని ఆయనే చెప్పాడు. మా రెండిళ్ళ మధ్య నడుము ఎత్తు చెక్క కంచె ఉండేది, దాని మీద మోచేతులు ఆనించి మా షెడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. ఇంజను ఏది పెడుతున్నావు, బ్రేకులు పాతవేనా, ఆ వెల్డింగు ఎవరికైనా చూపించావా అని అడిగేవాడు. నన్ను చూస్తే లవ్ అని పిలిచేవాడు, ఈ దేశంలో పాలు అమ్మేవాళ్ళూ బస్సు నడిపేవాళ్ళూ అందరూ అలాగే పిలుస్తారని తెలిసినా మా ఆయన మొహం మాడిపోయేది. ఆయన లెక్కలో ఆ ప్రశ్నలన్నీ కూపీలే. కౌన్సిలుకు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, పితూరీ చెప్పడానికి వివరాలు పోగుచేస్తున్నాడనీ, మనబోటివాడు ఇలాంటి బండి కట్టడం ఓర్వలేకపోతున్నాడనీ అనేవారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. ఆ రోజుల్లో మనల్ని చూసి మొహం చిట్లించినవాళ్ళు వీధికి ఒకరిద్దరు ఉండేవారు, ఎవరు వాళ్ళో ఎవరు కాదో ముందే తెలుసుకునే దారి లేదు. అందుకని అందరినీ ఒకే గాటన కట్టేయడం అలవాటైపోయింది మాకు.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఆఫీసులో, మా అమ్మాయి బడిలో ఉండగా పక్కింటాయన మా ముందు తలుపు తట్టాడు. చేతిలో టార్చిలైటు. ఒక్క నిమిషం షెడ్డులోకి రమ్మన్నాడు. నాకు భయం వేసింది, నిజం చెబుతున్నాను. తలుపు పూర్తిగా ఎత్తే ఉంచి, నేను ఎండలోనే నిలబడ్డాను. ఆయన ముసలి మోకాళ్ళ మీద కష్టంగా వంగి, బండి ముందు భాగం కింద టార్చి వేసి, బొటనవేలితో గ్రీజు తుడిచి చూపించాడు. కొత్త ఇంజను పట్టడం కోసం మా ఆయన స్టీరింగు బాక్సును పక్కకు జరిపి ఛాసిస్‌కు మళ్ళీ బిగించారు. ఆ బోల్టుల పక్క నుంచి వెంట్రుకలా ఒక పగులు, దాని మీద వెల్డింగు కారి, పైన రంగు. నా కంటికి అది గీత మాత్రమే.

"నీ భర్తకు రెండుసార్లు చెప్పాను, లవ్," అన్నాడాయన లేస్తూ. "నేను చెప్తే వినడు. పిల్లను మాత్రం ఇందులో ఎక్కించనివ్వకు."

సాయంత్రం టీ ఇచ్చి మెల్లిగా ఆ మాట కదిపాను. పగులు సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు. నేను లేనప్పుడు వాడు మన షెడ్డులోకి ఎందుకొచ్చాడు, నువ్వెందుకు రానిచ్చావు, ఏమేమి ముట్టుకున్నాడు, ఇవే ప్రశ్నలు. వాడికి ఇంజను మీద కన్నుంది అన్నారు. అంతలోనే కాస్త చల్లబడి, ఆ పగులు తనకూ తెలుసనీ, దాన్ని గట్టిగా అతికించాననీ, చిన్నప్పుడు లారీల కింద అలాంటివి వంద చూశాననీ చెప్పారు. చూశారు, నిజమే. చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మా మామగారిని తప్పుపట్టినట్టు అవుతుందని మింగేశాను. ఈలోగా మా అమ్మాయి గదిలోంచి వచ్చి ఆదివారం ఏ గౌను వేసుకోవాలని అడిగింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ అప్పటికే ఒప్పందానికి వచ్చారు, ఆదివారం పొద్దున బండిని మొదటిసారి రోడ్డెక్కించాలని, పక్క సీటు దానిదని. రిజిస్ట్రేషను లేదు కదా అంటే, మా తొమ్మిదేళ్ళది నాకే నచ్చజెప్పింది.

"ఇట్స్ ఓన్లీ రౌండ్ ద బ్లాక్, మమ్మీ. డాడీ ప్రామిస్ చేశారు."

అది బుధవారం. గురువారమంతా ఆలోచించాను. ఇంకోసారి అడిగితే గొడవ అవుతుంది, గొడవైతే పట్టుదల పెరుగుతుంది, పట్టుదల పెరిగితే ఆదివారం కాస్తా శనివారమే అవుతుంది. ఆయన సంగతి నాకు తెలుసు. శుక్రవారం ఆయన ఆఫీసుకు వెళ్ళాక కౌన్సిలుకు ఫోను చేశాను. నా ఇంటి నంబరు నేనే చెప్పి, ఈ ఇంట్లో ట్రక్కు కట్టి రిజిస్ట్రేషను లేకుండా రోడ్డు మీదికి తీయబోతున్నారని చెప్పాను. పేరు అడిగారు. పక్కన ఉండేవాళ్ళమన్నాను. అంతకంటే ఇంకేమీ అనలేదు, కాని ఆ రెండు మాటలూ ఎవరి వైపు వేలు చూపిస్తాయో ఆ క్షణంలో నాకు తెలియదని మాత్రం చెప్పలేను.

శనివారం పొద్దున కౌన్సిలు నుంచి ఒకాయన వచ్చి, బండి చుట్టూ తిరిగి, మర్యాదగానే మాట్లాడి, ఇంజనీరు చూసి కాగితం ఇచ్చేదాకా బండి గేటు దాటకూడదనీ, దాటితే పోలీసుల దాకా పోతుందనీ రాసి ఇచ్చి వెళ్ళాడు. మా ఆయన ఆ కాగితం పట్టుకుని నేరుగా కంచె దగ్గరకు నడిచారు. అవతల పెద్దాయన టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. నేను ఇవతల తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఎవరు చేశారో నాకు తెలుసు అని మా ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపం ఎక్కువయ్యేసరికి తెలుగులోకి దిగి, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చి, నువ్వు కంప్లయింటు చేశావు, అవునా కాదా అని అడిగారు.

పెద్దాయన గొట్టం పక్కన పడేసి మా ఆయన భుజం మీదుగా నన్ను చూశాడు. నా చేతిలో మా అమ్మాయి గౌను, నోట్లో బట్టల క్లిప్పు. ఆయన చూపులో కోపం లేదు, ఒక లెక్క సరిచూసుకున్నట్టు ఉంది, అంతే.

"ఫేర్ ఎనఫ్, మేట్," అన్నాడు మా ఆయనతో. సరేలే అని దాని అర్థం. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గొట్టంలోంచి నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయి. నేను క్లిప్పు తీసి గౌనుకు పెట్టాను. నోరు ఖాళీ అయ్యింది. అయినా మాట్లాడలేదు.

తర్వాత వచ్చిన ఇంజనీరు బండి కింద పడుకుని రెండు నిమిషాలు చూసి, గట్టి గుంటలో ఒక్కసారి పడితే స్టీరింగు చేతికి ఊడి వచ్చేదన్నాడు. మా ఆయన మొహం తెల్లబోయింది. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు, అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని దాని జుట్టు సవరిస్తూ ఉండిపోయారు. అప్పుడైనా పక్కింటాయన దగ్గరకు వెళ్తారనుకున్నాను. వెళ్ళలేదు. చెప్పినవాడు మంచికే చెప్పాడని ఒప్పుకుంటే పితూరీ మీద కోపం నిలవదు, ఆ కోపం లేకపోతే తప్పంతా తన మీదికే వస్తుంది. నెల తిరక్కుండా చెక్క కంచె పీకించి తల కంటే ఎత్తుగా రేకు కంచె వేయించారు. ఛాసిస్ ముందు భాగం మొత్తం కొత్తగా వేసి, అన్నీ ఇంజనీరు చెప్పినట్టే చేసి, ఏడాదిన్నరకు బండి చట్టబద్ధంగా రోడ్డెక్కింది. అమ్మాయికి అప్పటికి ఆ గౌను పొట్టయిపోయింది.

ఆరేళ్ళు ఆ రేకుకు అటూ ఇటూ బతికాం. పెద్దాయన దగ్గు వినిపించేది, ఆయన రేడియోలో క్రికెట్టు వినిపించేది. చెత్త డబ్బా బయట పెట్టేటప్పుడు ఎదురైతే నాకు తల ఊపేవాడు, మా ఆయన ఉంటే అదీ ఉండేది కాదు. కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నాడని తెలిసి, సామాన్ల లారీ వచ్చిన రోజున మా ఆయన లేని వేళ చూసి వెళ్ళాను. ఖాళీ హాలులో నిలబడి, ఫోను చేసింది నేనేనని చెప్పాను. తెలుసన్నాడు. మరి ఎందుకు ఊరుకున్నారని అడిగితే, చేతిలోని కప్పును వార్తాపత్రికలో చుడుతూ చాలా మామూలుగా చెప్పాడు.

"అతను నాతో మాట్లాడటం మానేస్తే నాకు పోయిందేమీ లేదు, లవ్. నీతో మానేస్తే నువ్వెక్కడికి పోతావు?"

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. రేపు, అమ్మాయి పరీక్షలయ్యాక, కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆయన ఆపరేషను నుంచి కోలుకున్నాక అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. మన తరం ఆడవాళ్ళకు ఊరుకోవడం కూడా ఇంటిపనుల్లో ఒకటే అని నేర్పారు, నేను ఆ పని బాగానే చేశాను.

పోయిన ఏడాది, ఏదో మాటల్లో ఆయన మళ్ళీ పక్కింటాయన్ని తిట్టారు. కూర తరుగుతున్న కత్తి కింద పెట్టి చెప్పేశాను. ఆయన అరవలేదు. ఆ రోజు బట్టలు ఆరేస్తున్నావు కదూ అన్నారు. రెండు రోజుల తర్వాత ఎక్కడెక్కడో వాకబు చేసి పెద్దాయన కూతురి నంబరు సంపాదించి ఫోను చేశారు. నాన్న పోయి నాలుగేళ్ళయిందని ఆవిడ చెప్పింది. ఏం పని మీద చేశారని అడిగితే ఈయన, మీ నాన్నగారు మంచి మెకానిక్కని అన్నారు. ఫోను పెట్టేసి వెళ్ళి షెడ్డులో కూర్చున్నారు. తలుపు మాత్రం దించలేదు.

మా మధ్య పెద్దగా ఏమీ మారలేదు. కాఫీ అదే, కూర అదే, పిల్లతో ఆదివారం ఫోనూ అదే. ఒక్కటే తేడా. కాపురమంతా నేను చెప్పింది విని ఊ కొట్టిన మనిషి, ఇప్పుడు డాక్టరు రమ్మన్నాడని చెప్పినా, పాలు అయిపోయాయని చెప్పినా ఒక్క క్షణం ఆగి, కోపం లేకుండా, చిన్నపిల్లవాడిలా నిజమేనా అని అడుగుతారు. నిజమేనండీ అంటాను. ఇన్నేళ్ళూ అడగని మాట అది. అడిగి ఉంటే ఆ రోజే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్నో కాదో నాకే సరిగ్గా తెలియదు.