కారుకు దిష్టి

మా నాయనమ్మ ఫ్రిజ్‌కు దిష్టి తీసింది. పొలంలో బోరు వేసి నీళ్లు పడ్డ రోజున బోరుకు తీసింది. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల రాశికి, అందులోంచే గుప్పెడు కాయలు తీసుకుని తీసింది. నేను పదో తరగతి పాసైనప్పుడు నాకు తీసి, మార్కుల లిస్టుకు విడిగా తీసింది. అలాంటి మనిషి నా కారుకు మాత్రం తీయలేదు. కొని ఏడాదైనా తీయలేదు. ఆ సంగతి నన్నెంత బాధపెట్టిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. మా ఆవిడ అప్పుడే నవ్వేసింది.

అది మామూలు కారు కాదు. హైదరాబాదులో ఒకాయన నాలుగేళ్లు వాడి అమ్మిన ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. నాకు నరసరావుపేటలో పురుగుమందుల షాపుంది, వయసు నలభై దాటింది, పొట్ట కూడా కొంచెం ముందుకొచ్చింది. ఆ కారెక్కాలంటే ముందు కూలబడి, తర్వాత కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి లాక్కోవాలి. దిగేటప్పుడు ఎవరైనా చెయ్యివ్వాలి. అయినా చిన్నప్పటి నుంచీ అలాంటి కారంటే నాకు పిచ్చి. దాన్ని ఊళ్లోకి తెచ్చిన రోజు జనం మూగుతారనుకున్నాను. మా షాపుకొచ్చే రైతొకాయన వంగి, చక్రాల దగ్గర తొంగిచూసి, "ఏందయ్యా, స్ప్రింగులు పోయినయ్యా? ఇంత కిందికి దిగిపోయిందే!" అని జాలిపడి వెళ్లిపోయాడు.

దానికి తోడు అది పిల్లి నడిచినట్టు నడిచేది. పాత ఓనరు ఉండే అపార్ట్‌మెంటు వాళ్లు గొడవ చేస్తే, చప్పుడు రాని సైలెన్సర్ పెట్టించుకున్నాడట. మా బజార్లో అయితే ఆటోలకూ ట్రాక్టర్లకూ మధ్య నా కారు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నాయనమ్మా, కారుకు దిష్టి తీయవా?"

వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న మనిషి తలెత్తకుండానే, "దాన్నెవురు చూశార్రా దిష్టి తగలడానికి? నేల కరుచుకొని పోద్ది" అంది.

ఇక్కడ మా నాయనమ్మ పద్ధతి కొంచెం చెప్పాలి. ఎండుమిరపకాయలూ రాళ్ల ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పుతుంది. వాటిని కొబ్బరిచిప్పల నిప్పుల మీద వేస్తుంది. మిరపకాయలు కాలి ఘాటొస్తే, ఎవరి కన్నూ పడలేదని లెక్క. ఎంత కాలినా ఘాటు రాకపోతే దిష్టి బలంగా తగిలిందని, అది కాయల్లోకి దిగిపోయిందని లెక్క. అయితే ఎప్పుడో పెద్ద జ్వరమొచ్చినప్పుడు ఆమెకు వాసనే కాదు, ఘాటు కూడా తెలియడం పోయింది. చెవులు మాత్రం పాము చెవులు. అందుకని కాయలు నిప్పుల మీద వేశాక చుట్టూ ఉన్నవాళ్లను, "ఘాటొచ్చిందా?" అని అడుగుతుంది. మేమేం చెబితే అదే తీర్పు. చిన్నప్పుడు నేను ఘాటు రాకూడదని లోపల లోపల మొక్కుకునేవాణ్ణి. రాకపోతే ఆమె నా రెండు కణతల దగ్గరా మెటికలు విరిచి, "లోకం కళ్లన్నీ నా బిడ్డ మీదే" అనేది. ఆ మాట కోసం పడిచచ్చేవాణ్ణి. నలభై దాటాక కూడా అదే మాట కోసం కారు కొన్నానేమోనని ఇప్పుడు అనుమానం.

సరే, జనం చూడాలంటే ముందు వాళ్లకు వినపడాలి. బెంగళూరు నుంచి మోతెక్కువ వచ్చే కొత్త ఎగ్జాస్ట్ పైపులు తెప్పించాను. అట్టపెట్టె విప్పి వసారాలో చాప మీద పరిస్తే మా ఇంటికి ఏదో దేవుడొచ్చినట్టుంది. తళతళలాడే స్టీలు పైపులు, మధ్యలో మోకాలిలా వంపు, పెద్ద డబ్బా, చివర రెండు మూతులు. మా ఆవిడ చూసి, "ఉన్న సైలెన్సర్ బాగానే ఉందిగా, ఇదెందుకు?" అంది. మోత కోసమని చెప్పాను. "మోత కావాలంటే మన గ్రైండర్ ఎక్కించుకొని తిరగండి" అని లోపలికి వెళ్లిపోయింది.

నాయనమ్మ మాత్రం దగ్గరికొచ్చి కూర్చుంది. పైపును తట్టి చూసింది. "నిప్పు ఎటు పోద్దిరా ఇందులో?" అని అడిగింది.

ఏడాదిలో మొదటిసారి ఆమె నా కారు గురించి ఒక ప్రశ్న అడిగింది. నాకు ఒళ్లు తెలియలేదు. పక్కన చతికిలబడి, ఇంజన్లో పుట్టిన మంట ఈ వెడల్పు మూతిలోంచి లోపలికి పోతుందని, వంపు తిరిగి డబ్బాలోకి వెళ్తుందని, వెనక నుంచి మోతగా బయటికొస్తుందని వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. "అయితే మంట ఇట్నించే పోద్దన్నమాట" అని వెడల్పు మూతిని మరోసారి తట్టింది. అంత శ్రద్ధగా విన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆనందంగా షాపుకు వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే పైపులు ఆటోలో వేసి వెనకే కారులో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. వినుకొండ రోడ్డులో ముప్పై ఏళ్లుగా లారీలకూ ట్రాక్టర్లకూ సైలెన్సర్లు వెల్డింగ్ చేసే మనిషి. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. హైదరాబాదులో ఈ కార్లకు ప్రత్యేకంగా షెడ్లున్నాయి. అక్కడ బిగిస్తే నరసరావుపేటలో ఎవరు చూస్తారు?

విషయం విన్నాక భాయ్ చేతిలో పానా కింద పెట్టేశాడు. "బాబూ, ఇన్నేళ్లలో మోత తగ్గించమని వచ్చినోళ్లే గానీ పెంచమని వచ్చినోడివి నువ్వొక్కడివే. అంత మోజుంటే పాతదానికి కింద ఒక బెజ్జం కొడతా. పది నిమిషాల పని. ఈ పైపులు ఇంటికి తీసకపో, పందిరికి పనికొస్తయ్" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఆయన షెడ్డులో కిందికి దిగి పని చేసే గుంత లారీల కొలతకు తవ్వింది. నా కారు చక్రాలు ఆ గుంతలోనే పడేటట్టున్నాయి. రెండు మందపాటి చెక్కలు అడ్డంగా వేశారు. చెక్కలెక్కాలంటే ముందు కారు గడ్డం తగులుతోంది. చివరికి పక్కనే మిరపకాయల బస్తాలు దించుతున్న ముఠా వాళ్లను నలుగురిని పిలిస్తే, వాళ్లు కారు ముందు భాగాన్ని బస్తాను ఎత్తినట్టు ఎత్తి చెక్కల మీద పెట్టారు. "ఇది ఎక్కడానికేనా, మొయ్యడానిక్కూడానా?" అని వాళ్లలో ఒకడు అడిగాడు.

పాత బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు. భాయ్ కిరసనాయిలు పోశాడు, గ్యాసుతో వేడి చేశాడు, పీర్లను తలుచుకున్నాడు, తిట్టుకుంటూ నన్నూ తలుచుకున్నాడు. సైలెన్సర్ వేలాడే రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి లాగితే, పాతది ఒక్కసారిగా ఊడి ఆయన గుండెల మీద పడింది. కొత్త పైపు ఎత్తేటప్పుడు ఆగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "లోపల ఏందో గలగలమంటంది బాబూ."

నేను ఇంటర్నెట్‌లో ఎన్నో వీడియోలు చూసినవాణ్ణి. "ఖరీదైన పైపులు అట్టాగే ఉంటయ్ భాయ్. లోపల దాని డిజైనే అంత" అన్నాను.

ఆయన ఇంకోసారి ఊపి, నా మొహం చూసి, "నువ్వు చెప్తే సరే" అని బిగించేశాడు.

పదకొండు గంటలకు స్టార్ట్ చేశాను. ఆ మోత గురించి ఎంత చెప్పినా తక్కువే. షెడ్డు రేకులు అదిరాయి. ఎదురుగా టీకొట్టు ముందు నిద్రపోతున్న కుక్క లేచి, ఎవరి మీద మొరగాలో తెలియక చుట్టూ తిరిగింది. ఆటోలు ఆగాయి. ముఠా వాళ్లు బస్తాలు దించి వచ్చారు. టీ గ్లాసులు పట్టుకుని జనం వచ్చారు. ఏడాదిగా నేను ఎదురుచూసిన జనమంతా నా కారు వెనక గుంపుగా నిలబడి అద్దంలో కనిపించారు. గుండె నిండిపోయింది. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను. ఇంకాస్త. రెండు నిమిషాలు అలా తొక్కి పట్టాను.

ముందు ఒకాయన దగ్గాడు. ఆయన పక్కనున్నాయన తుమ్మాడు. తర్వాత ఎవరు దగ్గుతున్నారో ఎవరు తుమ్ముతున్నారో లెక్క తెలియలేదు. తుండుగుడ్డలు ముక్కుల మీదికొచ్చాయి. రోజంతా మిరపకాయల మధ్య బతికే ముఠా వాళ్లే కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తారు. ఆగిన ఆటోలో ప్రయాణికులు దిగి తలో దిక్కుకు పోయారు. మా పల్నాడులో ఆ వాసన తెలియని మనిషి లేడు. టీకొట్టు ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఎవురింట్లోనో దిష్టి తీస్తన్నారే! ఇంత పొద్దెక్కి ఎవురికే తీసేది?" అని అరిచింది. జనం చుట్టుపక్కల ఇళ్ల వైపు చూశారు. మేడల మీదికి చూశారు. అంతమందిలో ఒక్కరూ నా కారు వైపు చూడలేదు.

గుంతలోంచి భాయ్ ఎర్రటి కళ్లతో తల పైకి పెట్టి, "ఆపు బాబూ! నీదే! నీ పైపే!" అని అరిచాడు.

పైపు చల్లారాక మళ్లీ ఊడదీసి, తలకిందులుగా పట్టుకుని చెక్క సుత్తితో కొట్టాడు. నల్లగా మాడిన మిరపకాయలు, వాటి వెనకే రాళ్ల ఉప్పు జలజలా రాలాయి. గుప్పెడు కాదు, దోసెడు. భాయ్ వాటిని అరచేతిలో పోసుకున్నాడు. "బాబూ, మీ ఇంట్లో పెద్దోళ్లున్నారా?" అని మాత్రం అడిగాడు.

పైపు మళ్లీ బిగించి ఇల్లు చేరేసరికి సందెవేళైంది. నా మోత వీధి చివరి నుంచే విని నాయనమ్మ వసారాలోకి వచ్చి నిలబడింది.

"నాయనమ్మా, పైపులో మిరపకాయలు వేశావా?"

"ఏశా. నువ్వు అడిగి అడిగి మొహం చిన్నబుచ్చుకుంటివి. కొత్త సామాను ఇంటికొచ్చిందని తిప్పి, మంట పోయే కాడే ఏశా. మళ్లీ వేరే నిప్పెందుకు?" అంది. తర్వాత ఆత్రంగా, "ఘాటొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది. బజారంతా వచ్చింది."

ఆమె మొహం విప్పారింది. "అమ్మయ్య! ఎవురూ చూడలా. ఒక్కరి కన్నూ పడలా. ఇంక భయం లేదు."

ఆమెకది శుభవార్త. నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఏడాది పాటు మోసిన కోరిక, బెంగళూరు పైపులు, భాయ్ గుండెల మీద పడ్డ సైలెన్సర్, అన్నీ కలిసి తేల్చిందేమిటంటే నన్ను ఎవరూ చూడలేదని. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడ కూడా ఈసారి నవ్వలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

నాయనమ్మ నా మొహం చూసి ఏమనుకుందో, లోపలికి వెళ్లింది. పాత మూకుడులో నిప్పులు తెచ్చింది. నన్ను అరుగు మీదే తూర్పు మొహంగా కూర్చోబెట్టి, గుప్పిట మూసి నా చుట్టూ తిప్పింది. నా తల మీదుగా దాటించడానికి చిన్నప్పటిలా వంగనక్కర్లేదు, మునివేళ్ల మీద లేవాల్సొస్తోంది. కాయలు నిప్పుల్లో పడ్డాయి. చిటపటలాడాయి.

ఘాటు వచ్చింది. పొద్దున్న ఒకసారి మాడిన గొంతులోకి నేరుగా దిగింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. నాకు కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. గుండెలోంచి దగ్గు తన్నుకొస్తోంది.

"ఘాటొచ్చిందారా?" అంది నాయనమ్మ, నా మొహంలోకి మొహం పెట్టి.

పళ్లు బిగించి, "రాలేదు నాయనమ్మా" అన్నాను.

"నాకు తెలుసులే. ఎంత దిష్టో నా బిడ్డకి!" అంది. నా కణతల దగ్గర మెటికలు విరిచింది. చీర చెంగుతో నా కళ్లు తుడిచి, "లోకం కళ్లన్నీ నా బిడ్డ మీదే" అంది.

కారు లోపల పెట్టొస్తానని సైగ చేసి బయటికి పరుగెత్తాను. ఆమె పాము చెవులకు వినపడకూడదని కారులో కూలబడి స్టార్ట్ చేశాను. యాక్సిలరేటర్ అడుగంటేదాకా తొక్కి, ఆ మోతలో కడుపారా దగ్గాను. అంత ఖరీదు పెట్టి బిగించిన పైపు నాకు నిజంగా పనికొచ్చింది ఆ ఒక్కసారే.