సున్నం పోసింది నేనే

మా మామ కుంట నీళ్లను పుక్కిట పట్టి రుచి చూసేవాడు. నీళ్లు పులిశాయా, చేపలకు పడతాయా, సున్నం ఎన్ని తట్టలు వేయాలి అన్నది ఆయన నాలుకే చెప్పేది. చదువు లేదు, భూమి అంతంత మాత్రం. ఉన్నదల్లా ఆ పేరే. ఏటా తొలకరి పడగానే రఘునాథపల్లి వాళ్లు బండి కట్టుకొచ్చి ఆయన్ని తమ కుంటల దగ్గరికి తీసుకుపోయేవాళ్లు. తిరిగొచ్చాక రెండు రోజులు ఆయన మీసం కిందికి దిగేది కాదు.

నైజాం రోజులవి. ఓరంగల్లు పక్క పల్లెలో నేను కొత్త కోడల్ని. క్రిస్మస్‌కు గోడలకు వెల్ల వేయాలని సున్నం నానబెట్టాం. మామ చేపల మేతకని మా కుంటలో నాలుగు గంపల పేడ వేసి, వడ్లు తోలుకొని కేసముద్రం అంగడికి పోయాడు. మర్నాడు చూస్తే నీళ్లు నల్లబడి ఒకటే వాసన. నాకు తెలివి ఎక్కువ కదా, వెల్లకని నానబెట్టిన సున్నమంతా తెచ్చి కుంటలో గుమ్మరించాను. పేడ వేశాక పదిహేను రోజులు సున్నం ముట్టకూడదట. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అడగలేదు. ముక్కు మండే ఘాటు లేచింది. సాయంత్రానికి చేపలన్నీ చచ్చి తేలాయి.

మామ వచ్చి గట్టు మీద కూర్చుని దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని వెంటనే ఉమ్మేశాడు. నా చేతుల వైపు చూశాడు. సున్నానికి వేళ్లన్నీ పొక్కి ఉన్నాయి.

"లోపలికి పో బిడ్డా," అన్నాడు.

అప్పటికే ఊళ్లోవాళ్లు మూగారు.

"గిట్లెట్ల సచ్చినయ్ పెద్దయ్యా?"

"పోయేముందు నేనే సున్నం పోసిన. పేడేసింది యాది మర్సిన."

"నాలుక మొద్దుబారినట్టుంది," అని ఎవరో నవ్వారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గుతో అనలేదు. కోడలికి చెడ్డపేరు రాకూడదని ఆయన తన పేరు వదులుకున్నాడు, నేను ఊరుకున్నాను. అందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఎండాకాలం పోయి తొలకరి పడింది. మామ ఉతికిన ధోతి కట్టుకొని రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చునేవాడు. ఐదో రోజో ఆరో రోజో, పొలం నుంచి వచ్చి నా చేతిలో చెంబు అందుకుంటూ అడిగాడు.

"నేను లేనప్పుడు రఘునాథపల్లి బండి గిట వచ్చిందా బిడ్డా?"

"రాలేదు మామా," అన్నాను.