ఖాదర్ భాయ్ మోసిన టేకు పెట్టె

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఖాదర్ భాయ్ పోయాడన్నారు.

ఏ ఖాదర్ అని అడిగాను.

బెల్లంపల్లిలో నాకున్న ఖాదర్ ఒక్కడే. అయినా అడిగాను.

నాకు రాయడం అంతగా రాదు. మూడో తరగతిలో బడి మానేసి ఉలి పట్టిన వడ్రంగిని. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. నా మాటలు బడి తెలుగులోకి దిద్దుతోంది, మేం మాట్లాడుకున్నవి మాత్రం ఒక్క మాట కూడా మార్చొద్దన్నాను.

మన వాట్సాప్ గ్రూపులో కొత్తవాళ్ల కోసం చెబుతున్నా. బొగ్గుబాయిలో రిటైరయ్యాక ఖాదర్, ఇంకో నలుగురు కలిసి చిన్న సంఘం పెట్టుకున్నారు. నేపాల్ కొండల్లో రోడ్డు లేని ఊళ్ల చిన్న బడులకు పుస్తకాలు, పలకలు, స్వెటర్లు తీసుకుపోయేవాళ్లు. రైలు, ఆ తర్వాత బస్సు, ఆ పైన నడక.

"మన ఆసిఫాబాద్ గూడేలల్ల బడులు లెవ్వా? పరాయి దేశమెందుకు?" అన్నాను ఒకసారి.

"ఈడ చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు రాజన్నా. ఆడికి ఎవ్వలు పోతరు?" అన్నాడు.

మూడేళ్ల కింద ఒక బడికి పుస్తకాల పెట్టె కావాలని నా దగ్గరికి వచ్చాడు.

"జర లైట్‌గ చెయ్ రాజన్నా. ప్లైవుడ్ అయినా మంచిదే. కొండెక్కాలె."

"ప్లైవుడా? నాతోని అగ్గిపెట్టెలు చేయిస్తవా? నా పని నాకు నేర్పకు."

టేకుతో చేశాను. నిండు చెక్క. మూలలకు ఇనుప పట్టీలు. ఇద్దరు లేపితే గానీ ఆటో ఎక్కలేదు.

ఖాదర్ చూసి తల గోక్కున్నాడు.

నేను ఊరుకున్నానా? "బడిల పెట్టి ఫోటో తియ్యి. ఫోటో లేకుంటే నా గడప తొక్కకు" అన్నాను.

ఫోటో తెచ్చాడు. పెట్టె చుట్టూ పిల్లలు. ఫ్రేమ్ కట్టించి, వచ్చిన ప్రతివాడికీ చూపించాను.

ఆ తర్వాత ఖాదర్ మళ్లీ కొండకు పోలేదు. బాత్రూంలో జారిపడ్డానన్నాడు. నడుము వంగిపోయింది.

చాయ్ హోటల్లో పదిమంది ముందు నేను ఎగతాళి చేశాను.

"ఏం భాయ్, సేవ ఒడిసిందా? ఇంట్ల బిర్యానీ ఇడిసి పోబుద్ధి అయితలేదా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "ముసలోన్నయిన యార్" అన్నాడు.

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి వస్తుంటే, ఆ ట్రిప్‌లో అతనితో పోయిన మొగిలి ఖబరస్తాన్ గేటు దగ్గర నన్ను ఆపాడు.

"రాజన్నా, గా పెట్టెను గుర్రమాయన ఎక్కించుకోలే. గింత బరువు నా గుర్రంతోని కాదన్నడు. పుస్తకాలు ఊరోళ్లు పంచుకొని మోసిన్రు. పెట్టె కొండ కిందనే ఇడిసిపెడుదాం అన్న నేను. ఇనలే. 'రాజన్న ఫోటో అడుగుతడు' అన్నడు. వీపుకు తాడు కట్టుకొని మోసిండు. మేం దగ్గరికి పోతే 'రాజన్నతోని మాట పడేది నేను, మోసేది గుడ నేనే' అని పట్టనియ్యలే. బడి ముందట పడ్డడు. నడుము గక్కడ పోయింది. నీకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

డెబ్భై ఏళ్లు వచ్చాయి నాకు. ఎవరి ముందూ ఆగని నోరు నాది. నిన్న ఇంటికొచ్చి ముందు ఆ ఫోటో ఫ్రేమ్ దించాను.

బతికుండగా చెప్తే నేనేం చేసేవాణ్నో కూడా నాకు తెలుసు. పెట్టె మంచిదే, నీకే మోయరాలేదు అనేవాణ్ని.

అది అతనికీ తెలుసు. అందుకే చెప్పలేదు.

ఖాదర్ భాయ్, మీ జనాజాల పాడె మోసేకాడ పది అడుగులకు ఒకలు భుజం మారుస్తరు. నిన్న నేను పట్టిన. ఇంకింత దూరం మోస్త అన్నా ఇనలే, ఎనుక నుంచి ఒక పిలగాడు వచ్చి నా భుజం కింద భుజం పెట్టిండు. ఎవ్వల మీద బరువు నిలవనియ్యరు మీరు.

ఆ కొండ మీద నువ్వు ఎవ్వల్ని భుజం మార్చనియ్యలే. నా నోటికి భయపడి.

తప్పు నాది భాయ్.

పోయిరా. మన్ను నీకు మెత్తగుండాలె. శాంతంగ పండుకో.